గాజుపెట్టెలో నాలుగు చేతులు

మా అమ్మానాన్నలు ఏడాదిపాటు ఎదురెదురుగా కూర్చుని కూడా ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం!

వాళ్లు పనిచేసింది సోలార్ పలకలకి పూత వేసే నల్లటి పొడి తయారయ్యే చోట. రాగి, జింకు, తగరం, గంధకం తూచి, ఇనప గుండ్లతో కలిపి ఉక్కు డబ్బాలో వేసి, మరలో తిప్పి తిప్పి కాటుకలా నూరేవారు. ఆ పొడికి గాలి తగిలితే పాడైపోతుంది. అందుకని డబ్బా విప్పడం, మూయడం అంతా గాలి చొరబడని గాజుపెట్టెలోనే. దానికి అటు రెండు, ఇటు రెండు పొడుగాటి రబ్బరు తొడుగులు బిగించి ఉండేవి. అటు అమ్మ, ఇటు నాన్న. మూతికి మాస్కు, తలకి టోపీ, పక్క గదిలో మర హోరు. ఇక మాటామంతీ ఎక్కడిది? ఒకరు డబ్బా పట్టుకుంటే ఇంకొకరు మూత తిప్పేవారు. ఇప్పుడా పని యంత్రాలే చేస్తున్నాయట. ఏం బాగుంటుంది, నా మొహం!

నాన్న ఉన్నన్నాళ్లూ ఈ కథ ఆయన చేతే చెప్పించుకునేదాన్ని. ఇప్పుడు అమ్మ చెప్తోంది. వింటుంటే ఆయన మీద బెంగ పుట్టుకొస్తుంది.

నాన్నకి అమ్మంటే ప్రాణం. కానీ బయట కనిపిస్తే తల వంచుకుని పక్కకి తప్పుకునేవారు. ఇంతలో అమ్మకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ ఆఖరి రోజు రానే వచ్చింది. ఇప్పుడూ అడగకపోతే ఇక మనిషి దక్కదు.

మహానుభావుడు ఏం చేశారో తెలుసా? డబ్బాలోంచి కాస్త పొడి పెట్టెలోనే ఉన్న తెల్లటి పళ్లెంలో పోసి, వేలితో "ఉండిపోవా?" అని రాశారు.

అమ్మ చూసింది. బ్రష్ తీసుకుని అక్షరాలన్నీ ఊడ్చేసి, పొడి రవ్వ కూడా వదలకుండా డబ్బాలోకి ఎత్తేసింది. అక్కడ పద్ధతే అంత, చిటికెడు పోయినా ఊరుకోరు. నాన్న మాత్రం అదే ఆవిడ జవాబనుకున్నారు.

అప్పుడే సూపర్‌వైజరు వచ్చి, మర హోరుకి గొంతు పెంచి అన్నాడు. "రేపట్నుంచి నీ చోట్లో చేసే కొత్తమ్మాయి వచ్చింది. వెళ్లేలోపు కాస్త పని చూపించమ్మా."

అమ్మ తొడుగుల్లోంచి చేతులు లాక్కుని, మాస్కు కిందకి దించింది.

"ఎవరూ అక్కర్లేదు సార్. నేనెక్కడికీ వెళ్లట్లేదు."

నాన్న పట్టు తప్పి డబ్బా ఒరిగింది. పొడంతా పెట్టెలో ఒలికిపోయింది.

అమ్మ మళ్లీ తొడుగుల్లో చేతులు పెట్టి, "కంగారెందుకండీ? నేనున్నాగా. డబ్బా పట్టుకోండి, ఎత్తుదాం" అందట.