కీళ్ళత్త పట్టుకున్న కత్తెర

మా మేనత్త కైరోప్రాక్టరు. అంటే మందూ మాత్రా లేకుండా చేతులతోనే కీళ్ళు సర్దే మనిషి. ఆ చదువు చదివినవాళ్ళు చాలామంది వెన్నుపూసల దగ్గరే ఆగిపోతారు. ఈవిడ ఆగలేదు. "వెన్నొక్కటే ఒళ్ళట్రా? మడతపడే చోటల్లా నాదే" అని భుజం, మోచెయ్యి, మణికట్టు, మోకాలు, చీలమండ అన్నీ పట్టింది. వీధంతా కీళ్ళత్త అంటుంది. ఓసారి ఒకాయన భుజం సర్దితే ఆ టప్పుమన్న చప్పుడుకి మూడు వీధుల అవతల పావురాలు లేచిపోయాయి. నలభై ఒకటి. పదో తరగతి మూడుసార్లు తప్పినవాడి లెక్క అని నవ్వకండి, పావురాల్లో నాకు తిరుగులేదు.

అత్తది ఒకటే పద్ధతి. "నీ పనిముట్టు తెచ్చుకో, నా ఎదురుగా పని చెయ్యి" అంటుంది. వడ్రంగి రంపంతో వస్తాడు, వంటామె గరిటెతో వస్తుంది.

అలాగే వచ్చాడు బట్టల కార్ఖానా కటింగ్ మాస్టరు. బొటనవేలి మొదట్లో నొప్పి. రెండు నెలలుగా కత్తెర సగం దారిలో ఆగిపోతోంది. వచ్చే సోమవారం పెద్ద కోత ఉంది. అప్పటికి చెయ్యి ఆడకపోతే బల్ల ఖాళీ చెయ్యమంది యజమానురాలు. ఆ బల్ల దక్కేదెవరికి? ఆయనే పని నేర్పిన సొంత అల్లుడికి!

అత్త ఇచ్చిన గుడ్డను మాస్టరు వెన్నలా కోసేశాడు.

"చెయ్యి బంగారంలా ఉంది కదయ్యా!"

"ఇక్కడ బుద్ధిగానే ఉంటుందమ్మా. అక్కడికెళ్తే మొండికేస్తుంది."

రెండోసారీ అంతే. గుట్టు పట్టింది మాత్రం నేనే.

"మాస్టారూ, ఇది దారాలు తెంపే కత్తెర కదూ?"

ఆయన నేల చూశాడు. "పెద్ద కత్తెర కార్ఖానా గడప దాటదు బాబూ. ఇంకొకరి చెయ్యి పడితే పదును పోతుందంటారు మావాళ్ళు."

"అయ్యో రామా! పదవయ్యా, మేమే వస్తాం" అని అత్త చెప్పులేసుకుంది.

కార్ఖానాలో ఇరవై పొరల బట్ట పరిచి ఉంది. వానలప్పుడు నీళ్ళొచ్చాయని బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. నీళ్ళు పోయాయి, ఇటుకలు ఉండిపోయాయి. ఆ ఎత్తు అందక మాస్టరు మోచెయ్యి రెక్కలా లేపి కోస్తున్నాడు. అత్త ఆ మోచేతి బయటివైపు నొక్కగానే కెవ్వుమన్నాడు.

"వేలు ఏ పాపమూ ఎరగదు. బిగుసుకున్నది ఇది. దీని పని కూడా మణికట్టూ వేలూ చెయ్యాల్సి వస్తోంది."

చిన్నగా ఒక్క విదిలింపు మోచేతికి, మరొకటి మణికట్టుకి. అలా రోజు మార్చి రోజు, ఆదివారం దాకా. ఇక ఇటుకలంటారా, నాలుగూ ఒంటిచేత్తో నేనే లాగేశాను.

"వీడు లాగింది ఒకటి. మిగతా మూడూ మాస్టారి అల్లుడు" అంటుంది అత్త. ఆవిడకి లెక్కలు రావు.

సోమవారం యజమానురాలు చేతులు కట్టుకుని నిలబడింది. మాస్టరు కత్తెర ఎత్తాడు. కర్రుమంటూ బయల్దేరింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఇరవై పొరలూ, ఎక్కడా ఆగలేదు. మొదట చప్పట్లు కొట్టింది అల్లుడే.

"మావయ్యా, ఇంకో పదేళ్ళు నాకు బల్ల లేనట్టే!"

"పదిహేను" అంది యజమానురాలు.

మాస్టరు కత్తెర తిప్పి, పిడి అత్త వైపు చాపాడు. "ఒక్కసారి పట్టుకోండమ్మా." కార్ఖానా మొత్తం మెడలు చాచింది. అత్త రెండు చేతులా అందుకుంది.

నేనూ చెయ్యి చాపాను.

"నువ్వాగు!" అన్నారందరూ.