పెన్‌పహాడ్‌కు చేరని కబురు

మా పక్కింటి బండితాత పోయిన సోమవారం పొద్దున కన్నుమూశాడు. ఒక మనిషికి చేరవలసిన కబురు ఆయన దగ్గరే ఉండిపోయింది. మా రెండిళ్లలో రాయడం వచ్చినది నేనొక్కదాన్నే కనుక ఈ పత్రికకు ఇది నేను రాయక తప్పదు.

మిర్యాలగూడ నుంచి కోదాడకు, సూర్యాపేటకు ఆయన వడ్ల బస్తాలు తోలేవాడు. మైళ్లు ఆయనకు తెలియవు. దూరాన్ని చుట్టలతో చెప్పేవాడు. హుజూర్‌నగర్ తొమ్మిది చుట్టలు, సూర్యాపేట పద్నాలుగు. ఎద్దులు అలసిన రోజు చుట్టను కూడా మెల్లగా పీల్చేవాడు. అందుకే ఆ లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

నేను బడి నుంచి రాగానే అరుగు మీద కూర్చోబెట్టి పత్రిక చదివించుకునేవాడు. మొన్న వేసవిలో ఒకరోజు, హైదరాబాదు నుంచి మద్రాసుకు విమానం రెండు గంటల్లో, కొంచెం అటూ ఇటూగా, పోతుందని చదివాను.

"నేను ఎద్దులకు నీళ్లు తాపి బండి కట్టేటాల్లకు గాళ్లు గాడ దిగుతరన్నమాట!" అని నవ్వాడు. "జర లెక్క కట్టు బిడ్డా. మనూరి నుంచి సూర్యాపేటకు గదెంత సేపట్ల పోతది?"

ఉత్సాహంగా పలక తెచ్చి లెక్క కట్టాను. "పన్నెండు నిమిషాలు తాతా! సగం చుట్ట గూడ కాలదు."

ఆయన నవ్వలేదు. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "గట్లయితే పోరడు బతుకుతుండె," అన్నాడు.

ఆ పోరడు నా తమ్ముడు. నాకప్పుడు ఆరేళ్లు. కాన్పు కష్టమైతే అమ్మను తాత తన బండిలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాడు. మూసీ ఇసుకలో ఎద్దులు కూలబడ్డాయి. ఒడ్డున దున్నుతున్న పెన్‌పహాడ్ రైతు నాగలి విప్పి, తన ఎద్దులను మా బండికి కట్టి, సూర్యాపేట దాకా తానే తోలాడు. "ఆడిబిడ్డ బతికితే కబురు చెయ్యండ్రి," అని చెప్పి వెంటనే వెనక్కి తిరిగాడు. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. ఒక ఎద్దు మెడలోని మువ్వల పట్టెడ ఊడి మా బండి గడ్డిలో మిగిలిపోయింది.

అమ్మ బతికింది. తమ్ముడు దక్కలేదు.

తాత రెండుసార్లు పెన్‌పహాడ్ పోయి వెతికాడు. బండి తోలేవాడు కదా, ఎద్దుల గుర్తులన్నీ చెప్పగలిగాడు కానీ, మనిషి ముఖం చెప్పలేకపోయాడు. అప్పటికి ఆ ఎద్దులు ఏ సంతలో అమ్ముడుపోయాయో!

ఆ రోజు అరుగు మీద మా మాటలు విని అమ్మ బయటికి వచ్చింది. "పోయినోని లెక్కనేనా మామా? నీ ముందల నిలబడ్డ నన్ను ఏ లెక్కల కలుపుతవ్?"

తాత తల వంచుకున్నాడు. ఊరికే ఉండలేక నేను అడిగాను: "ఆనాడు ఎన్ని చుట్టలయినయి తాతా?"

"ఒక్కటి ముట్టియ్యలే బిడ్డా. గందుకే గా నాటి తొవ్వ ఎంత దూరమో నాకు ఇప్పటికీ ఎర్కలే." మళ్లీ తనే అన్నాడు: "పట్నం నుంచి మద్రాసుకు రెండు గంటలంటివి. నా మాట ఇన్నేండ్లయినా పెన్‌పహాడ్‌కు పోకపాయె. నువ్వన్నా పత్రికల రాయరాదు?"

పరీక్షలయ్యాక రాస్తానన్నాను. పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి.

అయ్యా, ఎడమ ఎద్దుకు కొమ్ము లోపలికి వంగి ఉండేదట. ఆ ఎద్దులు మీవైతే, ఆ రోజు మీరు తోలిన బండిలోని మనిషి బతికే ఉంది. మీ మువ్వలను చింతపండుతో తోమి మెరిపించింది. వచ్చే పున్నమి లోగా ఈ పత్రికకు రెండు మాటలు రాయండి. తాత బండి మా వాకిట్లోనే ఉంది. గడ్డి పరిచి, మువ్వలు ఒళ్లో పెట్టుకుని, అమ్మ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది.