కుడి కణత పక్కన తెల్లటి చుక్క

మా బాబాయి ఎవరిని చూసినా ముందు వాళ్ల కుడి కణత వైపు చూస్తాడు. మాట్లాడుతున్నంతసేపూ చూపు అక్కడే ఉంటుంది. కొత్తవాళ్లు జుట్టులో ఏదో అంటుకుందేమోనని తడుముకుంటారు. "అలా గుచ్చి గుచ్చి చూడకండి, జనం జడుసుకుంటున్నారు" అని పిన్ని విసుక్కుంటుంది. ఆయన నవ్వడు. ఒకప్పుడు బాగానే నవ్వేవాడు.

ఆయన పని ఆస్పత్రి నేలమాళిగలో. అక్కడ కూర్చుని ప్రోగ్రాములు రాస్తాడు. పై అంతస్తుల్లో స్కాన్ తీసిన ప్రతి తలా, ప్రతి వెన్నూ, ప్రతి మోకాలూ ఫైళ్లుగా మారి ఆయన దగ్గరికి దిగివస్తాయి. వాటిని భద్రంగా దాచి, డాక్టర్లు అడిగినప్పుడు అందించాలి. గదికి కిటికీ లేదు. సర్వర్లు రోజంతా గుయ్యిమంటుంటాయి. మండుటెండల్లో కూడా స్వెట్టరు వేసుకుని వెళ్లేవాడు. "చచ్చాక ఎలాగూ చల్లటి గదిలో పెడతారు కదా వదినా, నాకు ముందే అలవాటైపోయింది" అనేవాడు మా అమ్మతో. "నోటికి అదుపూ ఆజ్ఞా లేదయ్యా నీకు" అని అమ్మ కసిరేది. నాన్న పోయాక మా ఇంట్లో నవ్వంటూ వినపడిందంటే అది బాబాయి వచ్చినప్పుడే.

మూడేళ్ల క్రితం ఆస్పత్రివాళ్లు పాత ఎం.ఆర్.ఐ. మిషన్‌ని తీసేశారు. ఇరవై ఏళ్లుగా అది తీసిన పదకొండు వేల తలలని కొత్త సర్వర్‌లోకి మార్చే పని బాబాయి మీద పడింది. స్కాన్ అంటే ఒక్క బొమ్మ కాదు. ఉల్లిపాయని చక్రాలుగా తరిగినట్టు తలని పొరలు పొరలుగా తీస్తారు. ఆ పొరలన్నీ వరసగా పేరిస్తే తెర మీద ముఖం లేస్తుంది. జుట్టు స్కాన్‌లో పడదు కాబట్టి అందరూ బోడితలలే. అందరివీ మూసిన కళ్లే. అలాంటి ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి, నల్లటి తెర మీద గుండ్రంగా తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం మా బాబాయి ఉద్యోగం.

అప్పుడు కనిపించింది ఆ చుక్క.

ప్రతి తల పక్కనా ఉంది. కణతకి దగ్గరగా, చర్మానికి తగిలీ తగలనట్టు, గాలిలో, చిక్కుడు గింజంత తెల్లటి చుక్క. కొందరికి తెర మీద ఈ వైపు, కొందరికి ఆ వైపు. ముసలివాళ్లకీ ఉంది, పసివాళ్లకీ ఉంది. మొదటి ఏడాది తీసిన స్కాన్‌లో ఉంది, చివరి ఏడాది తీసిన దానిలోనూ ఉంది.

"వదినా, పదకొండు వేలమంది చెవి దగ్గర ఒకడే నిలబడ్డాడు. ఏం చెబుతున్నాడో మాత్రం వినపడటం లేదు" అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర. చెప్పింది సరదాకే. కానీ అలా అంటున్నప్పుడు ఆయన ముద్ద కలపడం ఆపేశాడని నాకు బాగా గుర్తు.

ఆఫీసులో అడిగితే పక్క కుర్చీ ఆయన పడీపడీ నవ్వి "చుక్కల సారు" అని పేరు పెట్టాడు. పాత మిషన్ నడిపిన టెక్నీషియన్ ఆవిడ రిటైరై ఎటో వెళ్లిపోయిందట. ఆమె ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదట. నిజం చెప్పాలంటే ఎవరూ గట్టిగా వెతకలేదు.

ఈలోగా ఆ చుక్క ప్రోగ్రామ్‌ని ముప్పుతిప్పలు పెడుతోంది. దాన్ని కూడా తలలో భాగమే అనుకుని ప్రోగ్రామ్ కొలతలు తప్పుతోంది, బొమ్మ పక్కకి జరిగిపోతోంది. పైనుంచి రోజూ ఒకటే పోరు, ఎప్పుడు పూర్తవుతుందని. చివరికి బాబాయి ఒక చిన్న షరతు రాశాడు. తలకి అంటుకుని లేనిది ఏదైనా సరే, నలుపు చేసెయ్.

మర్నాటికి పదకొండు వేల తలలూ శుభ్రం. లెక్క సరిపోయింది. పాత డిస్కులని యంత్రంలో వేసి నుజ్జు చేశారు. బాబాయికి శాలువా కప్పి ఫొటో తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, పిన్ని బీరువాలో బోర్లించి పెట్టింది.

ఏడు వారాల తర్వాత నాకు తలనొప్పులు మొదలయ్యాయి. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఒక మధ్యాహ్నం బోర్డు మీద అంకెలు రెండేసిగా కనిపించేసరికి బాబాయే లాక్కెళ్లి స్కాన్ తీయించాడు. మెదడులో ఎడమవైపు మచ్చ ఉందన్నారు. తొమ్మిదేళ్లప్పుడు ఉయ్యాల మీంచి పడితే అదే ఆస్పత్రిలో నాకు స్కాన్ తీశారు. అప్పుడూ ఏదో మచ్చ ఉందనీ, ఏం కాదనీ చెప్పారని అమ్మకి గుర్తు. ఏ వైపో గుర్తులేదు. కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. డాక్టరు గారు పాత స్కాన్ తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టారు.

"పాతది కుడివైపు ఉందమ్మా. ఇప్పుడది లేదు. ఎడమవైపు ఇంకోటి వచ్చింది. పాతదే అయితే కదపకుండా వదిలేసేవాణ్ని. ఇది కొత్తది. ఎల్లుండి తల తెరవాల్సిందే" అన్నారు.

ఒక మచ్చ కుడి నుంచి ఎడమకి నా తలలో నడిచి వచ్చినట్టు అనిపించింది. రెండు రోజులు తల కదపాలంటే భయం. నిద్రపోయే ముందు దిండుని కూడా మెల్లగా సర్దుకునేదాన్ని, లోపల అది లేస్తుందేమోనని.

ఆపరేషన్ రోజు పొద్దున్న నర్సు నా ఎడమ కణత దగ్గర గుర్తు పెట్టి, చెరిగిపోకుండా పైన టేపు అంటించింది. టేపు చల్లగా తగలగానే ఎప్పటిదో గుర్తొచ్చింది.

"చిన్నప్పుడు కూడా ఇలాగే అంటించారు బాబాయ్" అన్నాను. "అప్పుడు టేపు కింద ఏదో మాత్ర పెట్టారు. చేపనూనె మాత్ర. పీకినప్పుడు జుట్టు ఊడొచ్చి ఏడ్చాను కూడా."

"ఎక్కడ?" అన్నాడు బాబాయి.

"ఇక్కడ. కుడి కణత మీద. ఇది నీ కుడివైపు అని బొమ్మకి చెప్పడానికమ్మా, అందరికీ ఇక్కడే పెడతాను అందావిడ."

"అందరికీనా?"

"అందరికీ అనే అంది. ఏం?"

మా బాబాయి మంచం అంచు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి మెట్లవైపు పరిగెత్తాడు.

సంగతేమిటంటే, పడుకున్న మనిషి తలని కాళ్లవైపు నుంచి చూస్తే ఆ మనిషి కుడి మన ఎడమకి వస్తుంది. నడినెత్తి వైపు నుంచి చూస్తే కుడి కుడివైపే ఉంటుంది. ఆ రోజుల్లో ఇద్దరు పెద్ద డాక్టర్లుండేవారట. ఒకాయనకి ఇటునుంచి చూడటం అలవాటు, ఇంకొకాయనకి అటునుంచి. ఎవరికి కావాల్సినట్టు వాళ్లకి దాచిపెట్టేది ఆ టెక్నీషియన్. ఫైలు మొదట్లో ఏ వైపు నుంచి చూసిన బొమ్మో రాసే గడి ఒకటుంటుంది. ఆ మిషన్‌లో అది సరిగా పనిచేసేది కాదు, ఆవిడ ఖాళీగా వదిలేసేది. బదులుగా మాత్ర అంటించేది, చేపనూనె స్కాన్‌లో తెల్లటి చుక్కలా పడుతుంది. చుక్క ఎటుంటే అది కుడి. ఖాళీ గడి కనపడిన చోటల్లా మా బాబాయి ప్రోగ్రామ్ "కాళ్లవైపు నుంచి" అని నింపేసింది. అది తప్పని చెప్పగలిగిన ఒకే ఒక్క చుక్కని అంతకుముందే చెరిపేసింది.

గంటన్నర తర్వాత డాక్టరు గారిని వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. నుదుటి ఎముక లోపల గాలి ఉండే చిన్న గది ఒకటుంటుంది, దాని ఆకారం ఏ ఇద్దరికీ ఒకలా ఉండదట. నా కొత్త స్కాన్‌లో అది ఒక వైపు ఒరిగి ఉంది, పాతదానిలో రెండో వైపు. పాతదాన్ని తిప్పి కొత్తదాని మీద పెడితే గోడకి గోడ సరిపోయింది. మచ్చ మీద మచ్చ కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

నర్సు వచ్చి టేపు పీకేసింది. తలనొప్పికి కళ్లద్దాలు రాసిచ్చారు. అమ్మ బాబాయి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నాకో బాబాయి ఉన్నాడు కాబట్టి బతికిపోయాను, లేనివాళ్ల సంగతేమిటి? అదే అడిగాను. ఆయన అప్పటికే ఆ లెక్క తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఏడు వారాల్లో డాక్టర్లు తెప్పించుకున్న పాత స్కాన్లు, నాది కాక, ముప్పై ఎనిమిది.

తొందరపడొద్దు, మెల్లగా ఉత్తరాలు రాద్దాం అన్నారు ఆస్పత్రి పెద్దలు. బాబాయి వినలేదు. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేశాడు. ముప్పై ఏడుగురు క్షేమంగా ఉన్నారు. ముప్పై ఎనిమిదో ఇంట్లో ఒకావిడ ఎత్తి, "ఆయనకి ఆపరేషన్ అయిపోయిందండీ. తెరిచి చూస్తే పాత మచ్చేనట. ఎందుకడుగుతున్నారు?" అంది.

ఆ ఆదివారం ఆయన వెంట నేనూ వెళ్లాను. ఆ ఇంటాయన గడియారాలు బాగుచేసే మనిషి. ముందుగదిలో బల్ల నిండా విప్పిన గడియారాలు, వాటి మీద సన్నగా దుమ్ము. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఆపరేషన్ అయినప్పటి నుంచి లేవదు. బాబాయి కుర్చీలో కూర్చోకుండా నిలబడే మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. గుమ్మంలో ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

అంతా అయ్యాక గడియారాలాయన కుడి చెయ్యి మెల్లగా ఎత్తి, వేళ్లతో కుడి కణత తాకి చూపించాడు.

"ఇక్కడే పెట్టిందండీ ఆవిడ. ఎందుకమ్మా అని అడిగాను కూడా. కుడి ఎడమలు తారుమారు కాకుండా అంది." నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మరి అదేమైంది సార్?"

"నేనే చెరిపేశానండీ" అన్నాడు మా బాబాయి.