మిషను సొరుగులో గుండీ

మా షాపుల వరసలో అందరూ ఆవిణ్ణి లాయరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. అసలు ఆవిడ టైలరు. నా వాచీ రిపేరు షాపుకీ ఆవిడ కుట్టు మిషనుకీ మధ్య ఒక్కటే గోడ. సాయంత్రం ఆరున్నర కాగానే కత్తెర పక్కన పడేసి, స్టూలు తెచ్చుకుని నా షాపులో కూర్చునేది. నా దగ్గరున్న చిన్న టీవీలో ఆ వేళకి కోర్టు సీరియల్ వచ్చేది. ఆ గంటసేపు సాక్షాత్తూ దేవుడే జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినా తల తిప్పేది కాదు. చంపింది బావమరిదేనని పదో నిమిషంలోనే తీర్పు చెప్పేసేది. సగంసార్లు తప్పేది. ఒప్పుకునేది కాదు సరికదా, సీరియల్ తీసినవాళ్లకే బుర్ర లేదనేది.

నేనూ తక్కువ తినలేదు. అందులో ఏముందని అంతగా అతుక్కుపోయామో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. మా ఇద్దరి మాటా ఎవరూ చివరిదాకా విని ఎరగరు. రెండంగుళాలు వదులు చెయ్యమనో, బ్యాటరీ మార్చమనో చెప్పి, ఫోను చూసుకుంటూ పోయేవాళ్లే అందరూ. సీరియల్లో అలా కాదు. పనిమనిషి బోనెక్కి ఒక్క ముక్క చెబితే కోర్టంతా ఊపిరి బిగబట్టి వింటుంది. జడ్జి కళ్లజోడు తీసి మరీ చూస్తాడు. నేరం చేసినవాడికి అక్కడికక్కడే ముచ్చెమటలు పోస్తాయి. మాకు కావలసింది అదే.

లాయరమ్మకి ఒక చెల్లెలు. తల్లి పోయాక ఈవిడే పెంచింది, ఈవిడే పెళ్లి చేసింది, తను మాత్రం చేసుకోలేదు. చెల్లెలి మొగుడు గోడౌనులో స్టోర్‌కీపరు. రెండు వీధుల అవతల మేడమీద వాటాలో ఉండేవారు. అయిదేళ్ల కూతురు. ఒక ఏడాది ఉన్నట్టుండి ఆ చెల్లెలు జాకెట్లకి చేతులు మణికట్టు దాకా పెట్టమని అడగడం మొదలుపెట్టింది. కొలత తీస్తుంటే మోచేతి పైన కమిలిన గుర్తులు కనిపించాయి. తలుపు తగిలిందక్కా అందిట. "నాలుగు వేళ్లున్న తలుపు ఎక్కడుందే?" అని ఈవిడ అడిగింది. చెల్లెలు కొంగు చేతిమీదికి లాక్కుంది.

ఆ రోజు పొద్దున్న స్టోర్‌కీపరు పనికి వెళుతూ మా వరసలో ఆగాడు. చొక్కాకి మూడో గుండీ ఊడింది. బనీనుతో నిలబడి వదినగారి చేత కుట్టించుకున్నాడు. నేను కళ్లారా చూశాను. ఆవిడ గుండీ కుడితే దాని మెడ చుట్టూ దారం మూడు చుట్లు చుట్టి బిగిస్తుంది. ఆ చొక్కా తొడుక్కుని అతను గోడౌనుకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కబురొచ్చింది, చెల్లెలు మెట్లమీంచి పడిందని. మేం ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. అతను గోడౌను కోటు మెడదాకా బిగించుకుని వచ్చాడు. పొద్దున్న వెళ్లినవాణ్ణి మళ్లీ ఇంటి మొహమే చూడలేదని అందరి ముందూ ఏడ్చాడు.

ఆ సాయంత్రం పిల్ల బట్టలు తేవడానికి లాయరమ్మ ఆ ఇంటికి వెళ్లింది. మెట్ల మలుపులో, గోడ మూల, ఆ గుండీ దొరికింది. మూడు చుట్ల దారంతో సహా, గోరంత చొక్కా పీలికతో సహా. తిన్నగా నా దగ్గరికి వచ్చి గుప్పిలి విప్పింది. ఇప్పుడేం చెయ్యాలని అడిగింది.

నా నోరు పడిపోను, నేనే చెప్పాను. "పోలీసుల చేతికిస్తే మాయమైపోతుందమ్మా. దాచిపెట్టు. కోర్టులో అందరి ముందూ బయటికి తియ్యి. వాడక్కడే కుప్పకూలాలి."

ఆవిడ మనసులో ఉన్నదీ అదే. గుండీని మాత్రల డబ్బాలో పెట్టి మిషను సొరుగులో దాచింది. చేతిమీది గుర్తుల సంగతి మాత్రం పోలీసులకి చెప్పింది, కేసయింది. అతను బెయిలు మీద బయటికొచ్చాడు. విచారణ రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ పిల్ల పెద్దమ్మ దగ్గరే ఉంది. సూదిలోకి దారం ఎక్కించడం నేర్చుకుంది, మా వీధి బడిలో చేరింది. కేసు తేలనివ్వండి, నా కూతుర్ని నేను తీసుకెళతానని అతను కనిపించినవాళ్లందరితో చెబుతూనే ఉన్నాడు. లాయరమ్మ భయపడేది కాదు. గుండీ ఉందిగా! సీరియల్ అయిపోయాక నా షాపులోనే నిలబడి సాక్ష్యం వల్లె వేసేది. కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి నేను జడ్జినయ్యేవాణ్ణి.

అసలు కోర్టులో జడ్జిగారు తలెత్తనే లేదు. ఆవిడ చెప్పినదాన్ని ముక్కలు చేసి టైపిస్టుకి చెప్పుకుంటూ పోయారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. తలుపు దగ్గర ఎవరో ఇంకో కేసు వాయిదా గురించి గొణుగుతున్నారు. లాయరమ్మ సంచిలోంచి డబ్బా తీసి గుండీని ఎత్తి చూపించింది. ఎవరూ ఊపిరి బిగబట్టలేదు. ఇదేమిటని మా తరఫు లాయరే కంగారుపడ్డాడు. స్టోర్‌కీపరు గోళ్లు చూసుకుంటున్నాడు.

అవతలి లాయరు అరవలేదు, చెయ్యి కూడా ఊపలేదు. మెల్లిగా, మర్యాదగా అడిగాడు. ఏం పని చేస్తారు? టైలరునండి. మీ షాపులో గుండీలు ఎన్ని ఉంటాయి? లెక్కపెట్టలేదండి, వేలల్లో ఉంటాయి. ఇలాంటివీ ఉంటాయా? ఉంటాయి. పీలికలు? ఉంటాయి. ఈ దారం చుట్టింది మీ చెయ్యేనా? నా చెయ్యేనండి, అని గర్వంగా చెప్పింది పిచ్చితల్లి.

"మరి రెండేళ్లూ ఎందుకు దాచారమ్మా?"

"కోర్టులో చూపిద్దామని."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగలేక లేచి నిలబడి, ఆ పొద్దున్న నేనూ చూశానండీ అన్నాను. బంట్రోతు నన్ను భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. సాక్షుల్లో నా పేరే లేదు. నేను చూసిన సంగతి కూడా పోలీసులకి చెప్పలేదు. అదీ ఆఖర్న బయటపెట్టాల్సిన ముక్కేనని ఇద్దరం అనుకున్నాం. ఆ సాయంత్రమే స్టేషనుకి వెళ్లి ఉంటే చొక్కా అతని ఒంటిమీదే దొరికేది. రెండేళ్ల తర్వాత అది ఏ మంటలో బూడిదయిందో ఎవరికి తెలుసు?

తీర్పులో గుండీని సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోలేదు. అంతటితో పోయినా బాగుండేది. సాక్ష్యం తయారుచేసే మనిషి మిగతా మాటలు కూడా నమ్మడానికి లేదని, చేతిమీది గుర్తుల సంగతినీ కొట్టేశారు. ఆ గుర్తులు నిజం. గుండీ కూడా నిజమే. మేమిద్దరం కలిసి రెండు నిజాలనీ చేజేతులా అబద్ధం చేశాం. అతను నిర్దోషి అయ్యాడు.

నాలుగో రోజున, బడి వదిలే వేళకి, పిల్ల కోసం వచ్చాడు. అతని చేతిలో తీర్పు కాగితం ఉంది. అడ్డుకోవడానికి మా చేతుల్లో ఏమీ లేదు. లాయరమ్మ పిల్ల గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దింది. జడ వేసింది. తర్వాత ఆ ఏడేళ్ల పిల్ల ముందు నేలమీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. తండ్రి నా పక్కనే ఉన్నాడు.

"నీకేదైనా జరిగితే అప్పుడే చెప్పాలి, బంగారూ. టీచరుకి చెప్పు, పక్కింటివాళ్లకి చెప్పు, వీధిలోకొచ్చి అరిచి చెప్పు. తర్వాత చెబుదామని మాత్రం దాచుకోకు."

పిల్ల సరేనని తలూపింది. అతను లోపలికి వచ్చి సంచి అందుకుని, ఇక వెళదామా అమ్మా అన్నాడు.