దిగిన అద్దం ఎక్కనంది

మా ఆయనకి మేనమామ వరసయ్యే పెద్దాయన ఒకరు రెంటచింతలలో పోయారని కబురొచ్చిన పొద్దున మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మా అత్తగారు గ్లాసులో కాఫీ పూర్తిచేసి, వాన వెలిసిందా అని అడిగినట్టు "పోయాడా?" అన్నారు. ఆయన బతికినన్నాళ్లూ మా ఇంటి కాఫీని కుడితి అన్నవాడు. మా పెళ్లిలో పప్పులో ఉప్పు లేదని విస్తరి ముందు నుంచి లేచి, పందిట్లో అందరికీ ఆ సంగతి చెప్పి మరీ వెళ్లినవాడు. అయినా చావు చావే. పరామర్శకి వెళ్లకపోతే పోయినవాళ్లు ఏమీ అనరు గానీ, ఉన్నవాళ్లు ఊరుకోరు.

నరసరావుపేటలో మాది స్టీలు సామాన్ల కొట్టు. కారు ఒకరు వాడి అమ్మితే కొన్నది. నడిపేది నేను. మా ఆయనకి స్కూటర్ తప్ప ఏదీ నడపడం రాదు గానీ, పక్క సీట్లో కూర్చుని నాకు డ్రైవింగ్ నేర్పడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. వెనక సీటంతా మా అత్తగారి రాజ్యం.

పిడుగురాళ్ల దాటాక మా ఆయన కారు ఆపి ఎవరినైనా దారి అడగమన్నారు. రెంటచింతల దారి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రోడ్డు పనులేమైనా జరుగుతున్నాయేమోనని ఆయన అనుమానం. నా వైపు అద్దం సగం దించి, రోడ్డుకి అవతల నిలబడ్డ ఒకతన్ని అడిగాను. "ఏ పనుల్లేవు, పొండి" అన్నాడతను. అద్దం ఎక్కిద్దామని స్విచ్చి పైకి లాగాను. కదల్లేదు. మళ్లీ లాగాను. ఉలుకూ పలుకూ లేదు.

"అట్టా కాదు. ఒకసారి కిందకి నొక్కి, అప్పుడు పైకి లాగు. దారికొస్తది" అన్నారు మా ఆయన.

నొక్కాను. మిగిలిన సగం కూడా గర్రుమంటూ తలుపులోకి దిగిపోయింది. పైకి లాగితే మాత్రం మాటా మంతీ లేదు.

"చూశావా, పనిచేస్తంది" అన్నారాయన.

ఎండాకాలం ఇంకా పూర్తిగా రాకముందే ఆ ఊళ్ల వైపు గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంటుంది. ఏసీ వేస్తే ఆ చల్లదనం ఊరికి ధర్మం చేసినట్టయింది. సరే, ఎండే కదా అనుకున్నాను. గురజాల దాటాక మా ముందుకి ఒక ట్రాక్టర్ వచ్చింది. ట్రక్కు నిండా ఎండుమిరపకాయలు, పైన పట్టా కూడా కప్పలేదు. కల్లం నుంచి ఇంటికి తోలుతున్నట్టున్నారు. అది గుంటలో పడి లేచినప్పుడల్లా ఎర్రటి దుమ్ము రేగి, వేరే దారే లేనట్టు నా కిటికీలోంచే లోపలికొచ్చింది.

మొదట నేను తుమ్మాను. తర్వాత మా ఆయన. తర్వాత వెనక నుంచి మా అత్తగారు, కొట్టులో స్టీలు బిందె కిందపడ్డట్టు ఒక్క తుమ్ము తుమ్మి, "అమ్మాయ్, అద్దం ఎయ్యవే!" అని అరిచారు.

"ఎక్కట్లేదు అత్తయ్యా!"

"దాన్ని దాటెయ్ మరి!" అని మా ఆయన.

ఎదురుగా వరసగా లారీలు. కళ్లలో నీళ్లు కారుతుంటే నాకు ట్రాక్టర్లు రెండు కనపడుతున్నాయి, ఏ ట్రాక్టర్ని దాటాలో తెలియలేదు. హారన్ కొట్టాను. ట్రాక్టరతను వెనక్కి తిరిగి, తెలిసినవాళ్లనుకున్నాడేమో, చెయ్యూపాడు. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ కొంగు మీదా కారమే. అక్కడితో నా పని అయిపోయింది. రెంటచింతల పొలిమేర దాకా అతని వెనకే భక్తిగా నడిచాం.

చావింటి ముందు దిగేసరికి ముగ్గురి కళ్లూ చింతనిప్పులు. ముక్కులు ధారలు. మా అత్తగారు "వదినా" అనబోయి గొంతు పట్టేసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు లేచారు.

"చూడండే, సొంత తోబుట్టువు కూడా కాదు, ఎట్టా కుమిలిపోతందో" అందొకావిడ.

మా ఆయన్ని ఎవరో ముసలాయన పొదివి పట్టుకుని "ఊరుకో అబ్బాయ్, పెద్దవయసు, మంచి చావు" అని వీపు నిమిరారు. మా ఆయనకి అప్పుడే తుమ్ము వచ్చింది. చావింట్లో తుమ్మితే బాగుండదని ఆపుకోబోతే, అది వెక్కిళ్లలా బయటికొచ్చింది. దాంతో ఆ ముసలాయన కూడా కళ్లు తుడుచుకున్నారు. బతికినంతకాలం ఆయన్ని తిట్టుకున్న మేము, ఆ పూట ఆయనకి అందరికంటే పెద్ద ఆప్తులమైపోయాం.

పోయినాయన భార్య గోడకి చేరబడి కూర్చుని ఉంది. నాకు అత్త వరస. పక్కన కూర్చోగానే నన్ను దగ్గరికి తీసుకుంది. నా భుజం మీద తల ఆనించి ఒక్క క్షణం ఆగింది. ముక్కుతో గాలి పీల్చింది. చెవిలో అడిగింది:

"మిరపకాయల బండి ఎనక వచ్చారా ఏంది?"

తలూపాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నిన్నటి నుంచీ కంట చుక్క రాలా. ఇప్పటికి దుఃఖం బయటపడింది, ఏడవనీండి" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆవిడ నవ్వుతోందని నాకొక్కదానికే తెలుసు. కొంగు చాటు నుంచే "ఆయనకి ఈ కారం సంగతి చెప్తే..." అని ఆగిపోయింది. చెప్పడానికి ఆయన లేడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అప్పుడు నిజంగానే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాఫీ, ఉప్పు లేని పప్పు ఆ కాసేపు గుర్తు రాలేదు.

మర్నాడు కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. మా ఆయన కొట్టు పనివాళ్లకి వదిలేసి వెంట వచ్చారు. మెకానిక్ ఒక జీపు కింద పడుకునే "మోటార్ పోయి ఉంటదమ్మా. తలుపంతా ఇప్పాల" అన్నాడు.

"దించితే దిగింది కదా. దించే మోటారే కదా ఎక్కించేది?" అన్నాను.

"అట్టెట్టా? దించేది వేరు, ఎక్కించేది వేరు" అన్నారు మా ఆయన.

మెకానిక్ జీపు కింద నుంచి బయటికొచ్చి మా ఆయన్ని ఒకసారి చూశాడు. "రెండూ ఒకటేనండీ. ఆమె అన్నది నిజమే. మిగతా అద్దాలు బానే ఎక్కుతన్నాయా?"

"ఎక్కుతున్నాయి."

"అయితే ఫ్యూజు కూడా బానే ఉన్నట్టే. స్విచ్చి మీదే అనుమానం. నేనీ జీపు వదిలి రాలేను. కారు ఆపేసి, ఆ స్విచ్చిల పలక అంచున పట్టి పైకి లేపండి, ఊడొస్తది."

ఇంటికొచ్చి అట్లకాడకి గుడ్డ చుట్టి, పలక అంచున దూర్చి లేపాను. టప్పున లేచింది. నా గుండె కూడా లేచింది, విరిగిందేమోనని. విరగలేదు. అడుగున వైర్ల ప్లగ్గు పీకి, మరలు తీసి, స్విచ్చి విప్పి చూస్తే లోపల చీమలు కాపురం పెట్టాయి. రాగి రేకులకి ఏదో జిగురు అంటుకుని ఉంది. అద్దాన్ని ఎక్కించే వైపు రేకు నల్లగా మాడిపోయింది. ఆ జిగురులో నల్లటి గింజ ఒకటి. సబ్జా గింజ.

ఇంట్లో సుగంధి షరబత్తులో సబ్జా వేసుకు తాగేది ఒక్కరే. కొట్టు ముందు కారు నీడలో ఆగితే, డ్రైవర్ సీట్లో కూర్చుని కూడా తాగుతారు.

"అది మిరప గింజ" అన్నారు మా ఆయన.

మా అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని, వేలి మీదికి తీసుకుని చూశారు. "ఒరేయ్, మిరప గింజ నల్లగా ఉంటదా? నువ్వు తాగి ఒలకబోసిందే ఇది" అన్నారు. ఆయన కొట్టులో పనుందని వెళ్లిపోయారు.

స్పిరిట్టులో ముంచిన దూదితో రేకులు తుడిచి, మళ్లీ బిగించి లాగితే అద్దం ఎక్కింది. మా అత్తగారు చప్పట్లు కొట్టారు. రెండోసారి దించి లాగితే సగంలో ఆగింది. మాడిన రేకు మాడినట్టే. పాత స్విచ్చి చేత్తో పట్టుకుని స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లాను. కొట్టతను ముందు ఒకటి తెచ్చాడు. పైకి అచ్చం అదే. ప్లగ్గు దగ్గర పిన్నులు మాత్రం వేరు. "పక్కనెట్టుకుని చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే రేపు నాతో గొడవకొచ్చేవాళ్లు" అని నవ్వుతూ, సరైనది తీసిచ్చాడు.

ఇంటికొచ్చి ప్లగ్గు గుచ్చి, పలక నొక్కకముందే ఒకసారి చూసుకున్నాను. దిగింది. ఎక్కింది. మళ్లీ దించి, మళ్లీ ఎక్కించాను. పని లేకపోయినా మరోసారి. పలక నొక్కితే టక్కుమని కూర్చుంది. దాని మీద ఏదీ పెట్టకూడదని ఇంట్లో ఆర్డర్ వేశాను. మా ఆయన వినలేదు, కానీ విన్నట్టు తలూపారు.

ఆ వారమే ముగ్గురం మాచర్ల బయల్దేరాం. అద్దాలన్నీ బిగించి, ఏసీ పెట్టి, రాణిలా కూర్చుని నడుపుతున్నాను. ఊరు దాటామో లేదో వెనక నుంచి మా అత్తగారు కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటూ అన్నారు:

"అమ్మాయ్, చలికి చచ్చేట్టున్నా. ఆ అద్దం కాస్త దించవే."