పటేలు వాకిట్లో ఆగిన కారు

నా చిన్నప్పుడు మియాపూర్‌లో కారున్న ఇళ్లు రెండే. ఒకటి పటేలుది, రెండోది మాది. మాదాన్ని కారు అనడానికి ఊళ్లో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. మా తాత పట్నంలో ఒక డాక్టరు దగ్గర ఇరవై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ డాక్టరు కొత్త కారు కొనుక్కుని, పాతదాన్ని తాతకు ఇచ్చేశాడు. రెండు వానాకాలాలు తాటాకుల పందిరి కింద నిలబడి దాని బంపర్లు, లైట్ల చుట్టూ ఉండే రింగులు, తలుపుల హ్యాండిళ్లు అన్నీ తుప్పుపట్టిపోయాయి. ఇంజను మాత్రం బాగానే ఉండేది.

నాకు పదేళ్లప్పుడు మా చిన్నత్త పెళ్లి కుదిరింది. ఆమెను ఆ కారులోనే అత్తవారింటికి సాగనంపుతానన్నాడు తాత. మా ఇంటి నుంచి పెద్ద రోడ్డుకు కారు పట్టే దారి ఒక్కటే, అది పటేలు వాకిలి ముందు నుంచే పోతుంది. అక్కడ మా వాడవాళ్లు చెప్పులు చేతపట్టుకుని నడవాలి. సైకిలు మీద వచ్చినా దిగాల్సిందే. కారు తెచ్చిన రోజు తాత కూడా అక్కడ దిగి, దాన్ని తోయించుకుంటూ ఇంటికి చేర్చాడు. అనుకున్నట్టే పటేలు నుంచి కబురు వచ్చింది. మా పిల్ల కారులో కూర్చుని తన ముందు నుంచి పోకూడదట, ఎడ్లబండిలో పొలాల వెంట పంపించుకోవాలట.

మేము కౌలుకు చేసేది పటేలు పొలమే. "బండి కడుదం నాయినా," అని మా నాన్న బతిమాలాడు. తాత నన్ను పిలిచి, పాన్‌డబ్బా దగ్గర పారేసిన సిగరెట్ పెట్టెల్లోంచి వెండికాగితాలు ఏరుకు రమ్మన్నాడు.

నాకు తొందరెక్కువ. తెచ్చిన కాగితాలు పక్కనపెట్టి, ఇటుకపొడితో బంపరును గిన్నె తోమినట్టు తోమడం మొదలుపెట్టాను. తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "గట్ల రుద్దితె తుప్పుతోని పాటు మెరుపు గూడ పోతది బిడ్డా. జర నిమ్మళంగ," అంటూ వెండికాగితాన్ని ఉండచుట్టి, నీళ్లలో ముంచి, మెల్లగా రుద్ది చూపించాడు. ఎర్రటి మురికి కారింది. గుడ్డతో తుడిస్తే అడుగున నా ముఖం కనిపించింది.

మూడు రోజులు అదే పని. చిన్నత్త కూడా మాతో కూర్చుని హ్యాండిళ్లు తోమింది. తుప్పు తినేసిన చోట చిన్న చిన్న గుంటలు మిగిలిపోయాయి. వాటి మీద రంగు పూద్దామంటే తాత ఒప్పుకోలేదు.

"పాతదే గద, పాతదని సూడనీ. పాడుపడ్డదని మాత్రం అననియ్య."

"పటేలు ఆపితె తాతా?"

"ఆపితె ఆగుదం. ఎనుకకు మర్లేది మాత్రం లేదు."

పెళ్లి మరునాడు ఎండ ఎక్కాక బయలుదేరాం. ముందు సీట్లో తాత, పెళ్లికొడుకు. వెనక చిన్నత్త, నేను. పటేలు ఇంటి ముందు దారికి అడ్డంగా ఎడ్లబండి నిలిపి ఉంది. అరుగు మీద పటేలు కూర్చుని ఉన్నాడు.

తాత కారు ఆపాడు. హారన్ కొట్టలేదు, చేతులు జోడించలేదు. చెప్పులతోనే దిగి, భుజం మీది తువాలుతో లైటు రింగును తుడవసాగాడు, ఆ రోజుకు ఇంకే పనీ లేనట్టు. కాసేపటికి చిన్నత్త దిగి పెళ్లిచీర కొంగుతో హ్యాండిలు తుడిచింది. నేనూ దిగాను. ఊరు గుమిగూడింది.

"ఏందిరా గిది?" అని పటేలు గద్దించాడు.

"దుమ్ము పడ్డది పటేలా. మీ బండి తీసేదాంక తుడుస్తున్న," అన్నాడు తాత చెయ్యి ఆపకుండా.

ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరికి ఆ బండి తోలే మనిషే, ఎవరూ చెప్పకముందే, ఎడ్లను పక్కకు మళ్లించాడు. ఆయనా మా వాడవాడే. పటేలు అరుస్తున్నా వెనక్కి చూడలేదు. తాత కారును మనిషి నడిచేంత మెల్లగా ముందుకు పోనిచ్చాడు.

ఆ ఏడే మా కౌలు పోయింది. నాన్న పట్నంలో ఇటుకలు మోశాడు, తాతతో చాలాకాలం మాట్లాడలేదు. అయినా ఆ వాకిలి ముందు మా ఇంట్లో ఎవరమూ మళ్లీ చెప్పులు విప్పలేదు, నాన్న కూడా.

ఇప్పుడు మణికొండలో మా అమ్మాయి దగ్గర ఏడో అంతస్తులో ఉంటున్నాను. ఆమధ్య పనివాళ్లు మెట్లెక్కే రావాలని లిఫ్టు పక్కన కాగితం అంటించారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే కిందికి వెళ్లి, మా ఇంట్లో వంట చేసే ఆమెను వెంటబెట్టుకుని లిఫ్టెక్కుతున్నాను. అసోసియేషన్ పెద్దమనిషి ఒకసారి తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆమెను దిగమన్నాడు. ఆమె కదలబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన చెయ్యి తీసేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.