నీళ్ళు కడిగే భీమక్క

ఇల్లందు గనుల కాలనీలో ఆరు వందల ఇళ్ళకు పొద్దునా సాయంత్రం కుళాయి నీళ్ళు వచ్చేవి. ఆ నీళ్ళు భీమక్క చేతుల మీదుగా వస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఆమెను తలచుకుని తాగేవాళ్ళేం కాదు. కాలనీ బడిలో సైన్సు చెప్పే రూప్లికి అది తెలిసింది 1988 ఫిబ్రవరిలో, ఒక సీసాడు పచ్చనీళ్ళు పట్టుకుని పోట్లాటకు పోయిన రోజున.

రూప్లిది ఏన్కూరు దగ్గర తండా. ఆ తండాలో బీయస్సీ చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. భర్త దేవ్లా గని ఆఫీసులో గుమాస్తా. వాళ్ళ పాప గోరికి ఏడాదిన్నర; ఇద్దరూ పనికి పోయిన వేళ పక్కింటి అవ్వ ఇంట్లో ఉండి చూసుకునేది. కిందటి వానాకాలం గోరికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని నాలుగు రోజులు దవాఖానాలో ఉండాల్సి వచ్చింది. ఇంటికి వచ్చిన నాటి నుంచి రూప్లి కంటికి కనిపించిన ప్రతిదాన్నీ ఉడకబెట్టడం మొదలుపెట్టింది. పాలసీసాలు, చెంచాలు, గిలక్కాయలు, చివరికి పాప నోట్లో పెట్టుకునే చెక్క ఏనుగు కూడా పొయ్యి మీది గిన్నెలో మునిగి తేలాయి. దేవ్లా ఒక్కడే ఎలాగో తప్పించుకున్నాడు.

ఇంత చేసినా గోరి మాత్రం అన్నం తినేది కాదు. ముద్ద చూస్తే పెదాలు బిగించేది. బరువు ఎనిమిది కిలోల దగ్గర ఆగిపోయింది.

అలాంటి రోజుల్లో బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు తన చేపల తొట్టిని దేవ్లాకు ఇచ్చి వెళ్ళాడు. రెండడుగుల అద్దాల తొట్టి. నాలుగు గోల్డ్ ఫిష్‌లు. బుడగలు వదిలే చిన్న గాలి మోటారు ఒకటి. తొట్టి మూలన అరచేతంత ప్లాస్టిక్ పెట్టె, అందులో నైలాన్ పీచు, బొగ్గు ముక్కలు, గులకరాళ్ళు. బుడగలు పైకి పోతూ నీళ్ళను ఆ పెట్టెలోంచి లాగుతాయి, మురికి అందులో చిక్కుకుంటుంది. దాన్ని ఫిల్టరని అంటారని ఆఫీసరు చెప్పాడు.

గోరి తొట్టి ముందు కూర్చుంది. చేప నోరు తెరిచింది. గోరి కూడా తెరిచింది. రూప్లి అదను చూసి పప్పన్నం ముద్ద లోపలికి తోసింది. పాప మింగేసి, మళ్ళీ చేప వైపు చూసింది. ఎన్నో నెలల తర్వాత ఆ పూట ఆ ఇంట్లో ముగ్గురూ కడుపునిండా తిన్నారు.

ఆ రోజు నుంచి అదొక ఆట అయింది. చేపకో మెతుకు, నీకో ముద్ద. చేపకింకో మెతుకు, నీకింకో ముద్ద. రోజుకు నాలుగుసార్లు. చేపలు పాపకు బాగా కనిపించాలని తొట్టిని తూర్పు కిటికీ దగ్గరికి జరిపారు. ఆదివారం వస్తే రూప్లి కొంగు బిగించి, నీళ్ళన్నీ పారబోసి, ఫిల్టరు పెట్టెను విప్పి, పీచునూ బొగ్గునూ రాళ్ళనూ పాలసీసాల గిన్నెలోనే మరగబెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ సర్దేది. అంత శుభ్రమైన ఫిల్టరు జిల్లాలోనే ఇంకోటి ఉండదు.

ఆరో వారానికి నీళ్ళు పాలకూర ఉడికించినట్టు అయ్యాయి. అద్దాల నిండా నాచు పట్టింది. ఒక చేప చచ్చిపోయింది. మిగిలిన మూడూ పొద్దున లేచేసరికి పైకి తేలి గాలి కోసం నోళ్ళు కొట్టుకుంటున్నాయి. పగలు ఆ పచ్చదనంలో అవి ఎక్కడున్నాయో పెద్దవాళ్ళకే కనిపించేది కాదు, ఇక పాపకేం కనిపిస్తాయి? గోరి మళ్ళీ పెదాలు బిగించింది. ఆ వారం దవాఖానాలో తూస్తే రెండు వందల గ్రాములు తగ్గింది. డాక్టరు కళ్ళజోడు తీసి, ఎట్లాగైనా తినిపించండి అన్నాడు. ఎట్లాగో మాత్రం చెప్పలేదు.

ఇంట్లో అన్నీ ఉడకబెట్టినవే. కాబట్టి నాచు వచ్చింది కుళాయిలోంచే అని రూప్లి తేల్చుకుంది. బడి అయిపోగానే ఒక సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని, గోరిని చంకనేసుకుని, పంపుహౌసు వెనకనున్న ఫిల్టర్ బెడ్ దగ్గరికి నడిచింది.

అక్కడ మూడు పెద్ద సిమెంటు మడులున్నాయి. అడుగున కంకర, పైన నడుములోతు ఇసుక, ఆ పైన నీళ్ళు. చెరువు నుంచి వచ్చే నీళ్ళు ఈ ఇసుకలోంచి నిదానంగా దిగి, తేటపడి, తర్వాత బ్లీచింగ్ కలిపించుకుని ఊళ్ళోకి పోతాయి. ఆ రోజు నడిమి మడిని ఎండగట్టారు. నలుగురు ఆడవాళ్ళు పారలతో ఇసుక గీకుతున్నారు. సూపర్‌వైజరు లేడు. చీర మోకాళ్ళ పైకి దోపుకున్న యాభై ఏళ్ళ మనిషి పార ఆపి, ఏం గావాలె అని అడిగింది. ఆమే భీమక్క.

రూప్లి సీసా ముందుకు చాపి, ఇది మీరు వదులుతున్న నీళ్ళ వల్లే అయింది అన్నది. భీమక్క సీసాను వెలుతురుకు పట్టి చూసింది. మూత తీసి వాసన చూసింది.

"ఆరు వందల ఇండ్లకు ఇవే నీళ్ళు పోతున్నయి. ఎవరింట్ల పచ్చగ గాలె. నీ ఒక్కింట్లనే అయినయంటే, తప్పు నీళ్ళదా, ఇంటిదా టీచరమ్మా?"

పక్కనున్న వాళ్ళు కిసుక్కున నవ్వారు. రూప్లి చెవులు వేడెక్కాయి. తానెంత శుభ్రంగా ఉంచుతుందో చెప్పింది. ఆదివారం ఉడకబెట్టడం గురించి చెప్పింది. భీమక్క అడుగుతుంటే చేపకో మెతుకు సంగతీ చెప్పింది, కిటికీ సంగతీ చెప్పింది. వింటూ వింటూ భీమక్క పార కర్రకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత రూప్లి చెయ్యి పట్టుకుని మడి అంచున కూర్చోబెట్టి, ఇంకా గీకని ఇసుక మీద ఆమె వేలిని నడిపించింది. వేలికి సన్నటి పొర తగిలింది. జిగురుగా, మట్టిరంగులో, పాల మీగడంత మందాన ఉంది.

"ఇది ఇసుకకు తోలు. నీళ్ళను కడిగేది ఇదే. ఇసుక ఉత్త మంచమసొంటిది, తోలు దాని మీద పంటది. మరీ మందమై నీళ్ళు దిగకపోతే పైపైన గీకుతం, గంతే. మూడు మడులు ఒక్కనాడు గీకం. నువ్వు వారానికోసారి దాని తోలు వలిచి ఉడకబెడుతున్నవు గదనే."

కొన్నేళ్ళ కింద తనిఖీ ఉందని ఒక పెద్దసారు మూడు మడుల ఇసుకనూ ఒకేసారి తీయించి, తెల్లగా కడిగించి మళ్ళీ పోయించాడట. వద్దు సారూ అని భీమక్క చెప్తే, నాకు చెప్పేదానివా అన్నాడట. మడులు ముత్యాల్లా మెరిశాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకుని పోయారు. ఆ తర్వాత పదకొండు రోజులు కాలనీ అంతా ముక్కు మూసుకుని నీళ్ళు తాగింది. పన్నెండో రోజు నుంచి ఆ సారు ఇసుక జోలికి రాలేదు. ఇసుకకు తలంటు పోసిన సారని ఆయనకు పేరు మిగిలింది.

రూప్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొన్న మంగళవారమే ఎనిమిదో తరగతికి నత్రజని చక్రం చెప్పింది. కుళ్ళిన వాటిలోంచి పుట్టే విషాన్ని కంటికి కనిపించని సూక్ష్మజీవులు మార్చుకుంటూ పోతాయని రంగు సుద్దలతో బొమ్మ గీసి మరీ చెప్పింది. అవి పొలంలో ఉంటాయని చెప్పింది గానీ, తన తొట్టి మూలన పెట్టెలో ఉండాలనీ, వాటినే ప్రతి ఆదివారం వేణ్ణీళ్ళలో చంపుతున్నాననీ ఆమెకు తట్టనేలేదు. మిగిలిపోయిన మెతుకులూ, కిటికీ ఎండా కలిసి నాచుకు విందు పెట్టాయి.

ఆదివారం వస్తానని, అప్పటిదాకా పెట్టె ముట్టుకోవద్దని, ముందురాత్రి మాత్రం రెండు బకెట్ల నీళ్ళు పట్టి ఉంచమని భీమక్క చెప్పి పంపింది.

చెప్పినట్టే వచ్చింది. చేతిలో తడి గోనెగుడ్డ చుట్టిన మూట. అందులో మడి అడుగు నుంచి తీసిన శనగగింజంత రాళ్ళు, ఒక పిడికెడు తోలు ఉన్న ఇసుక. దారిలో ఎవరు పలకరించినా ఆగకుండా వచ్చానని, ఎండితే అది చచ్చిపోతుందని చెప్పింది. వచ్చీ రాగానే దేవ్లాను పిలిచి పనికి పెట్టింది. సగం నీళ్ళు బకెట్లలోకి తోడి, చేపలను అందులో ఉంచి, తొట్టిని కిటికీ నుంచి లోపలి గోడ పక్కకు జరిపించింది. ఫిల్టరు పెట్టెలో పాత రాళ్ళు తీసి మడి రాళ్ళు పోసింది. ఇసుక తోలును పీచు మీద పిండింది. పీచును కుళాయి కింద కాదు, తొట్టి నీళ్ళలోనే జాడించమన్నది, బ్లీచింగ్ తగిలితే అంతా మొదటికొస్తుందట. బీరపీచుతో ముందు అద్దం ఒక్కటే రుద్ది, వెనక అద్దం మీది పాకురును వదిలేసింది, చేపలు కొరుక్కుంటాయని. రాత్రంతా నిలవ ఉండి బ్లీచింగ్ వాసన పోయిన నీళ్ళు రెండు బకెట్లు పోసింది. మేత రోజుకు ఒక్కసారే, అదీ తను ఒక వక్క నమిలేలోపు చేపలు తినేసేటంతే.

తోలు రావడానికి ఎన్ని రోజులని రూప్లి అడిగింది. ఇరవై దాకా పట్టొచ్చన్నది భీమక్క.

"అప్పటిదాకా నా బిడ్డ తినొద్దా?" అన్నది రూప్లి.

భీమక్క నేల మీద చతికిలబడి తన అల్యూమినియం డబ్బా తెరిచింది. అందులో జొన్నరవ్వ ఉడికించి చేసిన గట్క, మజ్జిగ. అది వండింది ఆమె భర్త గంగయ్య. గనిలో రిటైరైనాక ఆయన వంట నేర్చుకున్నాడు, భీమక్క డ్యూటీకి పోయేముందు డబ్బా కట్టిస్తాడు. ఉప్పు రోజుకో తీరుగా వేస్తాడని ఆమె ఫిర్యాదు. ఆమె పెద్దగా చప్పుడు చేస్తూ జుర్రుకుంటుంటే గోరి దోగాడుతూ వచ్చి ఆమె మోకాలు పట్టుకుని నిలబడింది. నోట్లోకి తొంగిచూసింది.

భీమక్క వేళ్ళతో కాస్త గట్క తీసింది. రూప్లి ఒక్క అంగలో అడ్డం వచ్చింది. ఆ గోళ్ళ చుట్టూ ఎన్నేళ్ళదో ఇసుక రంగు ఇంకిపోయి ఉంది.

"ఇరవై ఏండ్ల సంది మీరు తాగే నీళ్ళు కడుగుతున్న చేతులివి," అన్నది భీమక్క. అన్నదే గానీ నొచ్చుకోలేదు. లేచి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, బడిపిల్లలా రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూపించింది. "చాలునా? ఇంగ ఉడకబెట్టమంటవా?"

దేవ్లా గోడ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. రూప్లి పక్కకు జరిగింది.

గోరి మొదటి వేలిముద్ద ఉమ్మేసింది. రెండోది చప్పరించింది. మూడోదానికి భీమక్క చెయ్యి రాకముందే వేలు పట్టుకుని లాక్కుంది. అయిదు తిన్నది. రూప్లి రెండు రోజులు పాప పొట్ట తడుముతూ, గుడ్డలు చూస్తూ గడిపింది. ఏమీ కాలేదు.

భీమక్క క్వార్టరుకు దారి వాళ్ళింటి ముందు నుంచే. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని అక్కడే తినడం అలవాటైంది. రూప్లి కూడా బడి విరామంలో ఇంటికి పరుగెత్తుకొచ్చేది. తింటూ తింటూ భీమక్క తన కథలు చెప్పేది. పుట్టింది అడవిలో, కిన్నెరసాని వాగు అవతల, గుంపు అని పిలిచే ఒక చిన్న పల్లెలో. అక్కడ వాగు ఇసుకలో చెలమ తీసి నీళ్ళు తోడుకునేవాళ్ళు, ఇసుక నీళ్ళను తేటపరుస్తుందని అప్పుడే తెలుసు. పెళ్ళయి ఇల్లందు వచ్చి మొదటిసారి కుళాయి చూసినప్పుడు, అది ఎక్కడి నుంచి వస్తుందో చూడాలని గొట్టం వెంబడి నడుచుకుంటూ పంపుహౌసు దాకా పోయిందట. పోయిన మనిషిని మేస్త్రీ తట్ట మోస్తావా అని అడిగాడట. అట్లా దొరికింది నౌకరీ. ఇప్పుడు మూడు మడులకూ పెద్దామె, నడిపామె, చిన్నామె అని పేర్లు పెట్టుకుంది. ఇయ్యాల చిన్నామెకు క్షవరం అని చెప్పి వెళ్తుంటే గోరి వెనకాలే పోతానని ఏడ్చేది.

తొమ్మిదో రోజు నీళ్ళు ఇంకా మసకబారాయి. రూప్లి పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, నీళ్ళు పోసి, అగ్గిపుల్ల గీసి, కొంచెంసేపు చూసి ఊదేసింది. ఆ గిన్నెలో పెసరపప్పు నానబోసింది. పన్నెండో రోజుకు చేపలు పొద్దున పైకి తేలడం మానేశాయి. పదిహేనో రోజుకు పచ్చరంగు పలచబడింది. మరుసటి వారం రూప్లి ఎనిమిదో తరగతి పిల్లలను వరసకట్టించి ఫిల్టర్ బెడ్‌కు తీసుకుపోయింది. నత్రజని చక్రాన్ని ఈసారి భీమక్కే పార పట్టుకుని చెప్పింది. పిల్లలు ప్రశ్నలడిగి ఆమెను చిన్నామె దగ్గరికి పోనివ్వలేదు.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం రూప్లి గుమ్మంలోకి రాగానే తొట్టి వెనక గోడమీది సున్నం పెచ్చు కూడా కనిపించింది. మధ్యలో ఉన్నవి నీళ్ళేనా అనిపించేంత తేటగా ఉన్నాయి. మూడు చేపలూ ఎర్రగా తిరుగుతున్నాయి. వెనక అద్దానికి పట్టిన నాచు ఒక్కటే ఆమెకు కంట్లో నలుసులా కనిపించింది. ఇప్పుడైనా దాన్ని గీకేస్తానన్నది.

గీకొద్దన్నది భీమక్క. ఇంత తేటైనాక ఆ ఒక్క పక్క ఎందుకన్నది రూప్లి. అది చేపల కూరాకు అన్నది భీమక్క. సగమైనా గీకుతానన్నది రూప్లి. సగం గీకితే సగం గుండు చేసినట్టుంటుందని భీమక్క అన్నది. అంతలో భోజనానికి వచ్చిన దేవ్లా ఎవరి వైపు మాట్లాడాలో తెలియక చెప్పులు విప్పుతూనే ఉన్నాడు.

ఠంగుమని చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. గోరి చేపల వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. భీమక్క తన డబ్బాలోంచి పాపకు తీసిపెట్టిన గట్క గిన్నెలో ఏమీ మిగల్లేదు. ముఖమంతా గట్క పూసుకుని, ఆ ఖాళీ గిన్నెను రెండు చేతులా ఎత్తి మళ్ళీ నేలకేసి కొట్టింది.

రూప్లి పాప పక్కన కూలబడి గిన్నెను తిరగేసి చూసింది. అడుగున కూడా మెతుకు లేదు. భీమక్క తన డబ్బా అంచుకు అంటుకున్నది వేలితో తీసి గోరి నోటికి అందిస్తూ, రేపటి సంది ఇంకో రెండు పిడికిళ్ళ రవ్వ ఎక్కువ పొయ్యమని డబ్బా కట్టే ముసలాయనకు చెప్పాలన్నది.